కంచె పక్క పొలం: కిబ్బుత్సుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

గాజా కంచెకు కిలోమీటరు లోపే ఉన్న నహల్ ఓజ్ అనే కిబ్బుత్స్ గురించి పోయిన సంచికలో వేసిన వ్యాసం మీద వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కిబ్బుత్స్ అంటే భూమి, పని, రాబడి ఉమ్మడిగా పెట్టుకుని బతికే ఇజ్రాయెల్ పల్లె. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

తుపాకీ గుండు అందేంత దగ్గర ఎవరైనా ఊరు కట్టుకుంటరా? దేశం లోపల జాగ లేకనా?
— డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జాగ లేక కాదు, కోరి కట్టుకున్నారు. 1910లో గలిలీ సరస్సు దక్షిణపు కొసన పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు మొదలుపెట్టిన తొలి కిబ్బుత్స్ దెగానియా నాటికి సొంత చేతులతో సేద్యం చేయడమే ఆశయం. 1936లో బ్రిటిష్ ఏలుబడిలోని పాలస్తీనాలో అరబ్బుల తిరుగుబాటు లేచాక లెక్క మారింది. రేపు దేశాన్ని పంచితే ఎవరి నాగలి ఎక్కడిదాకా పోయిందో గీత అక్కడిదాకా వస్తుందన్న అంచనాతో, ఊళ్లు ఎక్కడ కట్టాలో పటం ముందు పెట్టుకుని నిర్ణయించడం మొదలుపెట్టారు.

అప్పుడు పుట్టిందే 'గోపురం, దడి' పద్ధతి. 35 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు ఆవరణ. చుట్టూ రెండు వరుసల చెక్క గోడ, మధ్య సందులో గుండు దూరకుండా కంకర. లోపల నలభై మందికి నాలుగు రేకుల పాకలు, నడుమ సెర్చ్‌లైటుతో కాపలా గోపురం. భాగాలన్నీ వేరేచోట ముందే కోసి పెట్టుకుని, తెల్లవారుజామున లారీల్లో తెచ్చి, పొద్దుగూకే లోపు నిలబెట్టాలి. అసలు కిటుకంతా ఆ గడువులోనే ఉంది. 1938 మార్చి 21న లెబనాన్ సరిహద్దు మీద హనీతా కట్టినప్పుడు చీకటి పడేనాటికి దడి, గోపురం పూర్తి కాలేదు. దాడి ఆ రాత్రే జరిగింది. అయినా 1939 నాటికి ఇలాంటి ఊళ్లు యాభై దాటాయి.

దక్షిణాన 1946 అక్టోబరు 6న, ఒక్క రాత్రిలో, నెగెవ్ ప్రాంతంలో 11 ఊళ్లు వెలిశాయి. బెయెరి, నిరీమ్, హత్జెరీమ్ వాటిలోవే. అక్కడ మొదటి కష్టం తుపాకీ కాదు, నీళ్లు. లండన్‌లో జర్మన్ బాంబుల మంటలార్పడానికి వాడిన ఇనుప పైపులను యుద్ధం అయ్యాక కొని తెచ్చి, 1947లో ఈ ఊళ్లకు నీళ్లు పారించారు. ఆ పని చూసిన ఇంజినీరు సిమ్హా బ్లాస్ పేరు కింద డ్రిప్పు ప్రశ్న దగ్గర మళ్లీ వస్తుంది.

నహల్ ఓజ్ 1951లో మొదలైంది. సేద్యం, సైనిక సేవ కలిపి చేసే 'నహల్' దళం పెట్టిన మొదటి ఊరు అది. 1953లో మామూలు పౌరుల కిబ్బుత్స్ అయింది. 1956 ఏప్రిల్ 29న ఆ ఊరి రక్షణ బాధ్యుడు, 21 ఏళ్ల రోయి రోట్‌బెర్గ్, పొలంలో హత్యకు గురయ్యాడు. మర్నాడు అంత్యక్రియల్లో సైన్యాధిపతి మోషే దయాన్ చేసిన ప్రసంగం ఈనాటికీ చర్చలో ఉంది. గాజా శిబిరాల్లో ఉన్నవాళ్లు ఎనిమిదేళ్లుగా తమ తాతల ఊళ్లు, భూములు మన చేతిలోకి మారడాన్ని కళ్లారా చూస్తున్నారు, వాళ్ల ద్వేషాన్ని మనం ఎందుకు తప్పుపట్టాలని అడుగుతూనే, కాబట్టి ఆయుధం కింద పెట్టకూడదని ఆయన అన్నాడు.

ఆ మాటకు ఆధారం ఉంది. 1948 యుద్ధంలో దాదాపు 2 లక్షల మంది శరణార్థులు గాజా పట్టీలోకి వచ్చి పడ్డారు. ముందు నుంచి అక్కడున్నవాళ్లు 80 వేల దాకా మాత్రమే. ఆ చుట్టుపక్కలే హూజ్ అనే అరబ్బు ఊరికి పొరుగు యూదు పల్లెలతో మంచి పొత్తు ఉండేది. అయినా 1948 మే 31న ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరివాళ్లను గాజా వైపు వెళ్లగొట్టింది, తిరిగి రానివ్వలేదు. సరిహద్దు కిబ్బుత్స్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ సగం విడిచిపెడితే మిగతా సగం అర్థం కాదని మా అభిప్రాయం.

'వివాదాస్పద సరిహద్దు' అని రాసిన్రు. ఏ గీత మీద వివాదం?
— సింగరేణి ఉద్యోగి, భూపాలపల్లి

మూడు దిక్కుల మూడు కథలు. గాజా గీత 1949 ఫిబ్రవరి 24న ఈజిప్టు, ఇజ్రాయెల్ చేసుకున్న యుద్ధవిరామ ఒప్పందంలోది. దీన్ని రాజకీయ సరిహద్దుగా అనుకోకూడదని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. లెబనాన్ వైపు 2000లో ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి పోయిందని నిర్ధారించడానికి ఐక్యరాజ్యసమితి గీసిన సుమారు 120 కిలోమీటర్ల 'నీలి గీత' ఉంది. అదీ ఒప్పుకున్న సరిహద్దు కాదు. గోలాన్ గుట్టలు 1967లో సిరియా నుంచి పట్టుకున్నవి. అక్కడి మొదటి కిబ్బుత్స్ మెరోమ్ గోలాన్ అదే ఏడు జులైలో వెలిసింది. 1981లో ఇజ్రాయెల్ తన చట్టాన్ని అక్కడ అమలు చేస్తే భద్రతా మండలి 497వ తీర్మానంతో అది చెల్లదంది. 2019లో అమెరికా గుర్తించింది, ప్రపంచంలో ఎక్కువ దేశాలు గుర్తించలేదు. కాబట్టి నహల్ ఓజ్, మెరోమ్ గోలాన్ రెండూ కిబ్బుత్సులే అయినా అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఒకటి కావు.

మా సొసైటీ కూడా ఉమ్మడిదే కదా. వాళ్లకూ మాకూ తేడా ఏంది? పైసలు ఎట్లా పంచుకుంటరు?
— సహకార సంఘం సభ్యుడు, ములుకనూరు

1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు నిలబెట్టిన మీ సంఘంలో భూమి రైతుదే. అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం కొనుగోలు సంఘం చూసుకుంటుంది. కిబ్బుత్స్‌లో భూమి సభ్యుడిది కాదు, కిబ్బుత్స్‌ది కూడా కాదు. ఇజ్రాయెల్‌లో 93 శాతం దాకా భూమి సర్కారు యాజమాన్యం కింద ఉంటుంది. కిబ్బుత్స్ దాన్ని మామూలుగా 49 ఏళ్ల కౌలుకు తీసుకుంటుంది. కాబట్టి ఎవరూ తన వాటా పొలం అమ్ముకుని బయటికి పోలేరు.

పాత పద్ధతిలో సభ్యుడు బయట ఉద్యోగం చేసినా జీతం నేరుగా కిబ్బుత్స్ ఖాతాకే పోయేది. తిండి ఉమ్మడి భోజనశాలలో, బట్టలు ఉమ్మడి చాకిరేవులో, వైద్యం, చదువు సంఘం ఖర్చు. చేతికి వచ్చేది కుటుంబం పరిమాణాన్ని బట్టి సమానమైన చిన్న ఖర్చుల మొత్తం. ఏ రోజు ఎవరు పాలు పిండాలి, ఎవరు గిన్నెలు కడగాలి అన్నది పని పంచే బాధ్యుడు రాసి గోడకు పెట్టేవాడు. పెద్ద నిర్ణయాలన్నీ సర్వసభ్య సమావేశంలో. కొత్తగా చేరాలంటే ఏడాదో అంతకంటే ఎక్కువో ఉమేదువారుగా ఉండి పనిచేయాలి, ఆ తర్వాత ఓటింగు. చాలాచోట్ల మూడింట రెండొంతుల ఓట్లు రావాలి.

ఇది చెడింది అప్పులతో. 1984లో ఇజ్రాయెల్‌లో ధరల పెరుగుదల 400 శాతం దాటింది. ఫ్యాక్టరీలకు, ఇళ్లకు అప్పు తెచ్చిన కిబ్బుత్సులు, పెరిగే ధరలే అప్పును కరిగిస్తాయన్న ధీమాతో ఉన్నాయి. 1985 జులైలో ప్రభుత్వం ధరలకు కళ్లెం వేసింది, వడ్డీ నిజమైన బరువు ఒక్కసారి నెత్తిన పడింది. పైగా ఒకరికొకరు జామీను ఉన్నారు కాబట్టి ఒకటి కూలితే పక్కది కూడా ఊగింది. బ్యాంకులు, ప్రభుత్వం, కిబ్బుత్సులు 1989లో, మళ్లీ 1996లో ఒప్పందాలు చేసుకుని సర్దుకున్నాయి. ఆ దెబ్బతో చాలా కిబ్బుత్సులు 'నవీకరించిన' పద్ధతికి మారాయి. ఇప్పుడు ఎక్కువ వాటిలో ఎవరి పనికి తగ్గ జీతం వాళ్లది. అందులోంచి ఊరి పన్ను కోసి ముసలివాళ్లకు, తక్కువ రాబడి ఉన్నవాళ్లకు కనీస మొత్తం ఇస్తారు. తొలి కిబ్బుత్స్ దెగానియా కూడా 2007లో మారింది. బెయెరి మాత్రం 1950లో పెట్టిన ప్రింటింగ్ ప్రెస్ రాబడి బలంతో పాత ఉమ్మడి పద్ధతిలోనే నిలిచింది. సమానత్వం నిలవాలంటే ఆశయంతో పాటు నిలకడగా లాభం తెచ్చే యాపారం ఒకటి ఉండాలి. మీ సంఘం పెద్దలకు ఇది మేం చెప్పనక్కర్లేదు.

పిల్లలను తల్లిదండ్రుల దగ్గర పడుకోనిచ్చేవాళ్లు కాదట. నిజమేనా?
— అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట

నిజం. పసిపిల్లలప్పటి నుంచే పిల్లల ఇంట్లో, ఆయాల దగ్గర పెరిగేవాళ్లు. సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిది దాకా అమ్మానాన్నల దగ్గర, తర్వాత మళ్లీ పిల్లల ఇల్లు. తల్లి వంటింటికి కట్టుబడకుండా మగవాడితో సమానంగా పని చేయాలన్నది ఒక కారణం. సరిహద్దు ఊళ్లలో పిల్లలంతా ఒక్కచోట ఉంటే ఆశ్రయ గదిలోకి చేర్చడం తేలిక అన్నదీ ఉండేది. అదే ప్రమాదమూ అయింది. 1980 ఏప్రిల్ 7న లెబనాన్ సరిహద్దులోని మిస్గవ్ ఆమ్‌లో సాయుధులు చొరబడి పిల్లల ఇంటినే పట్టుకున్నారు. కిబ్బుత్స్ కార్యదర్శి, ఒక పసివాడు, విడిపించడానికి వచ్చిన ఒక సైనికుడు చనిపోయారు. అయితే ఈ పద్ధతి పోయింది అందుకు కాదు. పిల్లలు రాత్రి తమ దగ్గరే పడుకోవాలని తల్లులే పట్టుబట్టారు. 1970ల నుంచి ఒక్కో ఊరూ మానేస్తూ వచ్చి 1990లలో పూర్తిగా ఆగిపోయింది.

మా తమ్ముడు ఇజ్రాయెల్‌ల సరిహద్దు దగ్గర కిబ్బుత్స్ పొలం పనికి పోతనంటున్నడు. పంపాల్నా వద్దా? అక్కడ రక్షణ ఎట్లుంటది?
— ఒక అక్క, జగిత్యాల

పంపాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. తెలుసుకోవాల్సినవి ఇవి అమ్మా.

1992 తర్వాత కట్టిన ప్రతి ఇంట్లో రక్షణ గది తప్పనిసరి. కనీసం 9 చదరపు మీటర్లు, గోడలు మందపాటి ఉక్కు కాంక్రీటు, బయటికి తెరుచుకునే ఉక్కు తలుపు, కిటికీకి ఉక్కు రెక్క. గాజా దగ్గర సైరన్ మోగాక ఉండే సమయం 15 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ. లెబనాన్ గీత మీద అదీ ఉండకపోవచ్చు. గదిలోకి పోయి తలుపు, కిటికీ మూసి పది నిమిషాలు ఉండాలి. పొలంలో ఉంటే నేల మీద బోర్లా పడుకుని రెండు చేతులతో తల కప్పుకోవాలి. పరుగు పెట్టొద్దు, ముక్కలు పైకి ఎగురుతాయి.

ఈ గది రాకెట్టు కోసం కట్టింది, మనిషి కోసం కాదు. శిథిలాల కింద ఉన్నవాళ్లను బయటి నుంచి తీయాలి కాబట్టి లోపల గడియ పెట్టలేదు. 2023 అక్టోబరు 7న గాజాలోని సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో ఇదే ప్రాణం తీసింది. గంటల తరబడి తలుపు పిడి పట్టుకుని కూర్చున్నవాళ్లు బతికారు. తలుపు గుండా వచ్చిన తూటాలకు, ఇల్లు అంటుకుంటే పొగకు పోయినవాళ్లూ ఉన్నారు. ఊరి రక్షణ బృందం తుపాకులు చాలాచోట్ల ఒక్క గదిలో తాళం వేసి ఉండటం వల్ల అవి చేతికి రాకముందే కొందరు చనిపోయారు. ఆ రోజు ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఎక్కువమంది నష్టపోయినవి బెయెరి, కఫర్ అజా, నిర్ ఓజ్, నహల్ ఓజ్ లాంటి పల్లెలు. పొలం పనికి వచ్చిన థాయ్‌లాండ్ కూలీలు, నహల్ ఓజ్ డెయిరీలో పని నేర్చుకుంటున్న టాంజానియా విద్యార్థి కూడా వాళ్లలో ఉన్నారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో పదుల వేలమంది చనిపోయారు.

ఉత్తరాన ప్రమాదం వేరు. ట్యాంకులను కొట్టే క్షిపణి గుట్ట మీది నుంచి కంటికి కనిపించే దాన్ని గురిచూసి నేరుగా వస్తుంది. దానికి సైరన్ మోగదు, రాకెట్లను గాల్లోనే కూల్చే ఐరన్ డోమ్ ఆపలేదు. 2024 మార్చి 4న మర్గలియోత్ పొలాల్లో ఒక కేరళ కూలీ ఇలాగే చనిపోయాడు, ఇంకో ఇద్దరు కేరళవాళ్లకు గాయాలయ్యాయి. కాబట్టి పని చేసే చేను గుట్టకు ఎదురుగా ఉందా, చాటున ఉందా అని ముందే అడగమనండి.

ఇక్కడ చేయాల్సింది: ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. పని చేసే ఊరి పేరు ఒప్పందంలో రాయించుకోండి. అక్కడ దిగగానే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి, సైరన్ హెచ్చరికలు పంపే హోమ్ ఫ్రంట్ కమాండ్ యాప్ ఫోనులో వేసుకోవాలి. సైన్యం మూసేసిన ప్రాంతంలోకి పనికి పొమ్మంటే పోకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం అక్కడ నేరం. నెలకు 182 గంటలు పూర్తి పని. ఏ రోజైనా ఆ రోజు పని గంటలు దాటితే మొదటి రెండు అదనపు గంటలకు 125 శాతం, తర్వాత 150 శాతం కూలి. రోజూ గంటలు సొంతంగా రాసుకోమనండి, జీతం చీటీ ఫొటో మీకు పంపమనండి. తేడా వస్తే కావ్ లాఓవెద్ అనే కార్మికుల సంస్థ ఉచితంగా చూస్తుంది.

కంచె పక్కనే పంట వేస్తే తగలబెట్టరా? నష్టం ఎవరిస్తరు?
— రైతు, హుజూరాబాద్

తగలబెట్టారు. 2018 మార్చి 30న గాజా కంచె దగ్గర నిరసనలు మొదలయ్యాక, నిప్పు కట్టిన గాలిపటాలు, బెలూన్లు గాలి వాటున వచ్చి గోధుమ చేలు కాల్చాయి. అక్కడ వాన చలికాలంలోనే పడుతుంది. మే నెలకల్లా గోధుమ ఎండి కోతకొస్తుంది, పడమటి గాలి గాజా నుంచే వీస్తుంది. అందుకే కంచె వైపు పట్టీని ముందుగా, కొంచెం పచ్చిగా ఉన్నా కోసి పశువుల మేతకు వాడటం, చేను చుట్టూ దున్ని మట్టి పట్టీ వదలడం, నీళ్ల ట్యాంకరు ట్రాక్టరును గట్టు మీదే నిలిపి ఉంచడం చేశారు. యుద్ధ నష్టానికి 1961 నాటి చట్టం కింద ప్రభుత్వ నిధి పరిహారం ఇస్తుంది. సరిహద్దు ఊళ్లలో కాలిన పంటకే కాక, పనికి పోలేక పోయిన రాబడికీ ఇస్తుంది.

అవతలి రైతుకు ఆ నిధి లేదు. కంచె నుంచి 300 మీటర్ల దాకా చాలా ఏళ్లు గాజా రైతు పోలేకపోయాడు. చెట్లు కొట్టేశారు. 2014 తర్వాత ఇజ్రాయెల్ విమానాలు కంచె వెంట చల్లిన కలుపుమందు గాలికి వచ్చి పంట మాడ్చింది. 2018, 2019 నిరసనల్లో ఇజ్రాయెల్ కాల్పులకు 200 మందికి పైగా పాలస్తీనీయులు చనిపోయారు.

డ్రిప్పు కిబ్బుత్స్‌లనే పుట్టిందట. మాకు పత్తిల డ్రిప్పర్లు రెండో ఏడాదికే మూసుకపోతున్నయి. వాళ్లు ఏం చేస్తరు?
— పత్తి రైతు, పరకాల

సిమ్హా బ్లాస్, ఆయన కొడుకు చేసిన డ్రిప్పరును 1965లో హత్జెరీమ్ కిబ్బుత్స్ తయారీకి తీసుకుంది. డ్రిప్పు కంపెనీ నెటాఫిమ్ అలా పుట్టింది. చిన్న బొక్క పెడితే మట్టి రేణువుకే మూసుకుపోతుంది. బ్లాస్ వెడల్పాటి దారినే పొడవుగా, మెలికలుగా పెట్టాడు. నీటి ఒత్తిడి ఆ దారిలో రాపిడికి తగ్గి చుక్కలుగా పడుతుంది, రేణువు మాత్రం దాటిపోతుంది. అయినా మూసుకుపోతుంది, కారణం మూడింట్లో ఒకటి.

బోరు నీళ్లలో సున్నం ఉంటే డ్రిప్పరు మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంది. చెరువు, కుంట నీళ్లైతే నాచు జిగట. ఫిల్టరు చిరిగితే ఇసుక. ఒక లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) చివర కోసి పైపును చీల్చి చూడండి, ఏదో తెలిసిపోతుంది. తెల్ల పొర అయితే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను వెంచురీ (పైపులోకి మందు పీల్చే పరికరం) గుండా ఎక్కించాలి. చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ కాగితం 4 చూపేదాకా వదిలి, మోటారు ఆపి, 24 గంటలు అలాగే ఉంచి, తర్వాత లేటరల్ కొసలు విప్పి తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి. నాచు అయితే బ్లీచింగ్ పౌడరును ముందు రాత్రి నానబెట్టి తేట మాత్రమే వాడాలి. లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల క్లోరిన్ చాలు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. యాసిడ్, బ్లీచింగ్ ఒకే రోజు ఒకే డబ్బాలో కలిపితే వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది.

ఫిల్టరుకు ముందు, తర్వాత ప్రెషర్ గేజీలు పెట్టుకోండి. తేడా 0.5 కిలోలు దాటితే ఫిల్టరు కడగాలి. నెలకోసారి లేటరల్ కొసలు విప్పాలి. చాలామంది ఖర్చు తగ్గుతుందని గేజీలే పీకేస్తారు, జబ్బు అక్కడే మొదలవుతుంది. మీ నల్లరేగడికి డ్రిప్పర్ల మధ్య 60 సెంటీమీటర్లు సరిపోతుంది, నీళ్లు పక్కలకు పాకుతాయి. చల్క నేలలో 40కి మించొద్దు.

దిగుబడి పోలిక ఉత్తరాల్లో చాలామంది అడిగారు. ఇజ్రాయెల్‌లో హెక్టారుకు దూది 1,700 కిలోల దాకా వస్తుంది, మన దేశ సగటు 450 కిలోల దగ్గర. మురుగునీటిలో 85 శాతానికి పైగా శుద్ధి చేసి పొలాలకు మళ్లించడం, వానకు పంట తడవని కోత కాలం, ఒకేసారి ఏరే యంత్రం, ఇవన్నీ దానిలో ఉన్నాయి. డ్రిప్పు ఒక్కటే వేస్తే అంత రాదు.

ఎండకాలం పాలు తగ్గుతున్నయి. అక్కడి ఆవులు అంత ఎండల ఎట్లా ఇస్తయి?
— డెయిరీ రైతు, జనగామ

అక్కడి ఆవు ఏడాదికి సుమారు 12,000 లీటర్లు ఇస్తుంది. వేసవిలో పాలు పితికే ముందు నిలిపే కొట్టంలో 30 సెకన్లు పెద్ద చుక్కలతో తడిపి, నాలుగున్నర నిమిషాలు బలమైన ఫ్యాను గాలి పెడతారు. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, రోజుకు చాలాసార్లు. నీళ్లు తోలు దాకా తడవాలి. పొగమంచు లాంటి తుంపర వెంట్రుకల మీదే నిలిచి ఉక్క పెంచుతుంది. ఫ్యాను లేకుండా నీళ్లు మాత్రమే చల్లితే లాభం లేదు. బర్రెకు చెమట గ్రంథులు తక్కువ కాబట్టి దానికి ఈ పద్ధతి ఇంకా అవసరం.

మా ఊళ్లె పదిమందిమి కలిసి కిబ్బుత్స్ లెక్క ఉమ్మడి సేద్యం పెట్టుకోవచ్చా?
— యువకుల బృందం, గీసుకొండ

పెట్టుకోవచ్చు. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం, లేదా పదిమంది రైతులతో ఉత్పత్తిదారుల కంపెనీ. భూమి మాత్రం సంఘం పేర పెట్టకండి, కౌలు ఒప్పందంతో ఇవ్వండి. మీలో ఎవరిదైనా అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం దాన్ని ఎవరికీ బదిలీ చేయకూడదు. కౌలు కూడా బదిలీ కిందికే వస్తుంది కాబట్టి ఆ చెక్కను ఉమ్మడిలో కలపకముందు తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పదిమందిలో ఒకరు వెళ్లిపోతే అతని వాటా ఏ లెక్కన, ఎన్ని వాయిదాల్లో ఇస్తారో మొదటి రోజే బైలాల్లో రాసుకోండి. కమిటీలతో ఊరు నడిపిన గంగదేవిపల్లి మీ మండలంలోనే ఉంది. వాళ్ల మినిట్స్ పుస్తకాలు చూసి ఏ కమిటీకి ఏ పని అప్పగించారో రాసుకోండి.